ఎవరూ మాట్లాడనప్పుడు తెగే లైన్

అది 2023. దసరా వెళ్లి ఎన్నో రోజులు కాలేదు, కంపెనీల గేట్లకు కట్టిన బంతిపూల దండలు ఎండిపోయి ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. పటాన్‌చెరు దాటాక ముంబై హైవే మీద ఉన్న ఒక మందుల కంపెనీ నుంచి నాకు కబురు వచ్చింది. కంపెనీ పేరు రాయను, మనుషుల పేర్లు కూడా మార్చాను. వెనక యూనిట్‌లో ఫోన్ లైన్ అప్పుడప్పుడు పోతోందట, వచ్చి చూడమన్నారు. అప్పుడప్పుడు పోయే లైన్ అంటే నాకు చిరాకు. పూర్తిగా పోయిన లైన్‌లో జబ్బు కనబడుతుంది. అప్పుడప్పుడు పోయేది మనం వెళ్లేసరికి ఏమీ ఎరగనట్టు బుద్ధిగా కూర్చుంటుంది.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను చదివింది నాలుగో తరగతి దాకా. మా ఆయన టెలిఫోన్ శాఖలో లైన్‌మన్. స్తంభం మీద నుంచి పడి చనిపోయాక ఆ శాఖలోనే నన్ను మజ్దూరుగా తీసుకున్నారు. కేబుల్ గోతులు తవ్వడంతో మొదలుపెట్టి, జాయింట్లు కట్టడం నేర్చుకుని, చివరికి డిజిటల్ లైన్ల దాకా వచ్చాను. ఇంగ్లిష్ అక్షరాలు కేబుల్ డ్రమ్ముల మీద చూసి నేర్చుకున్నవే. రిటైరయ్యాక కూడా సంగారెడ్డిలో బస్సెక్కి ఈ పనులకు వెళుతూనే ఉన్నాను. ముసలివాళ్లు ఇంట్లో ఊరికే కూర్చుంటే ఫ్యాను ఖర్చు, నోటి ఖర్చు రెండూ పెరుగుతాయి. నా సంచిలో జొన్నరొట్టె, ఫ్లాస్కులో చాయ్, పాత పనుల్లో మిగిలిన వైరు ముక్కలు ఎప్పుడూ ఉంటాయి. కొత్త వైరు కోసే ముందు పాత ముక్క సరిపోతుందేమో చూసుకుంటాను.

ఆ కంపెనీకి రెండు యూనిట్లు. మెయిన్ యూనిట్ హైవేకి ఇటు, వెనక యూనిట్ అటు. వెనక యూనిట్‌లో సాల్వెంట్లు ఉంటాయి, అంటే మందుల తయారీలో వాడే, ఇట్టే అంటుకునే ద్రవాలు. అందుకని అక్కడికి మొబైల్ తీసుకుపోకూడదు. ఎంత పెద్దవాళ్లైనా మెయిన్ గేటు దగ్గరున్న అరల్లో మొబైల్ పెట్టి వెళ్లాల్సిందే. అక్కడ ఏదైనా జరిగితే సెక్యూరిటీ గదిలో టేబుల్ మీద ఉన్న ఫోన్ ఒక్కటే దిక్కు. రెండు యూనిట్ల మధ్య ఫైబర్ వేయాలంటే హైవే కింద తవ్వాలి. ఆ అనుమతి ఏళ్ల తరబడి రాక, పాత రాగి కేబుల్ మీదే ఈ-వన్ లైన్ నడుపుతున్నారు. ఈ-వన్ అంటే ఒకే లైన్‌లో ముప్పై దారులు. కొన్నింటిలో మనుషుల మాటలు పోతాయి, మిగిలిన వాటిలో కంప్యూటర్ల లెక్కలు పోతాయి. రెండు కొసల్లో చెరో మోడెమ్ పెట్టె ఉంటుంది. దాని మీద చిన్న దీపం. పచ్చగా వెలిగితే లైన్ బతికి ఉన్నట్టు, ఎర్రగా వెలిగితే పోయినట్టు.

నన్ను పిలిపించింది మెయింటెనెన్స్ మేనేజర్ ప్రసాద్ గారు. వాళ్ల నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి సర్కారు ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు. ఈయన ఇక్కడే పుట్టినా ఇంటి మాట తీరు మారలేదు, నన్ను మామ్మగారూ అని పిలుస్తారు. మంచి మనిషే. కాని ఆ రోజు నా కళ్లలోకి చూడకుండా మాట్లాడారు.

వెనక యూనిట్‌కి వెళ్లి రిసీవర్ ఎత్తాను. మెయిన్ యూనిట్‌కి చేసి, హలో, వినబడుతోందా అంటే వినబడుతోంది అన్నారు. అటు నుంచి చేయించాను. మోగింది. దీపం పచ్చగా ఉంది. గది అవతల గుమాస్తాలు సరుకు తూకాలు కంప్యూటర్లలో ఎక్కిస్తున్నారు, ఆ లెక్కలన్నీ ఇదే లైన్ మీద సాఫీగా పోతున్నాయి. కేబుల్ జాయింట్లు తడిమి చూశాను, ఏ వంకా కనబడలేదు. మా పనిలో అందరం చేసేది ఇదే. హలో హలో అనడం, వినబడితే బాగుందని చెప్పి రావడం.

మధ్యాహ్నం రొట్టె తిందామని గేటు బయట బస్టాప్ అరుగు మీద కూర్చున్నాను. అక్కడ సెక్యూరిటీ యూనిఫాంలో ఒక మనిషి టిఫిన్ బాక్సు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, ఏదీ ఎక్కడు. చొక్కా మీద కంపెనీ బ్యాడ్జి ఉండాల్సిన చోట పిన్ను గుచ్చిన కన్నాలు మాత్రమే ఉన్నాయి. ఏ షిఫ్టు అని అడిగాను.

"డ్యూటీ లేదక్కా. దసరా కాడికెల్లి బంద్ పెట్టిన్రు."

"మరి గీడ కూసోని ఏం జేస్తున్నవ్?"

"ఇంట్ల చెప్పలే. పొద్దుగాల మా ఆమె బాక్సు కడ్తది, తీస్కోని వస్త. పొద్దూకినంక పోత."

పేరు కిష్టయ్య. రుద్రారం దగ్గర పల్లె. తాతల నాటి పొలంలో కొంత కంపెనీలకు పోయింది, కొంత రోడ్డుకు పోయింది. మిగిలిన దాంట్లో తమ్ముడు కూరగాయలు వేస్తాడు, ఈయన ఈ గేటు దగ్గర కాపలాకు చేరాడు. నేను వెనక యూనిట్ ఫోన్ చూడటానికి వచ్చానని చెప్పగానే, తెరవబోయిన బాక్సు మూత మళ్లీ నొక్కి పెట్టేశాడు. ఆ ఫోనే అక్కా, అన్నాడు.

తర్వాత అతను చెప్పింది ఇది. ఆయుధపూజ రోజు ఇక్కడ ప్రతి కంపెనీలో యంత్రాలు ఆపి, కడిగి, పసుపు కుంకుమ పెడతారు. అది ఎవరూ తప్పించని ఆచారం. బొట్టు పెట్టే వస్తువు మురికిగా ఉంటే ఒప్పుకోరు. సుకాంత అని ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికుడు ఉన్నాడు. వెనక యూనిట్‌లో ఖాళీగా ఉన్న సాల్వెంట్ ట్యాంకును బయటివైపు తుడిచి ఉంచమని అతనికి చెప్పి, మిగిలిన వాళ్లంతా హైవే దాటి మెయిన్ యూనిట్‌కి పూజకు వెళ్లారు. వెళ్లినవాళ్లలో సుకాంత అన్న ప్రశాంత కూడా ఉన్నాడు. దేవుడి పని పైపైన చేయకూడదని అనుకున్నాడో ఏమో, సుకాంత బయట తుడిచాక మూత తీసి లోపల కూడా తుడుద్దామని దిగాడు. ఖాళీ ట్యాంకు అంటాం కాని అది ఖాళీ కాదు. ద్రవం పోయినా దాని ఆవిరి అందులోనే ఉంటుంది. పీల్చడానికి గాలి ఉండదు.

వెనక యూనిట్ గేటు దగ్గర కాపలాకు మిగిలిన కిష్టయ్యకు ఇనుము మీద దెబ్బలు వినిపించాయి. వెళ్లి మూత దగ్గర వంగి చూస్తే సుకాంత అడుగున పడి, చేతిలో ఉన్న ఇనప బ్రష్షుతో గోడను కొడుతున్నాడు. మాస్కు లేకుండా దిగవద్దని సెక్యూరిటీ వాళ్లకు గట్టిగా నేర్పిస్తారు, దిగిన రెండో మనిషి కూడా పైకి రాడు. మాస్కులు, ఆక్సిజన్, అంబులెన్సు అన్నీ మెయిన్ యూనిట్‌లో ఉన్నాయి. కిష్టయ్య ఫోన్ దగ్గరకు పరుగెత్తాడు.

"ఎత్తిన అక్కా. చప్పుడే లేదు. పెట్టిన, మల్ల ఎత్తిన. నంబర్ ఒత్తిన, మల్ల ఒత్తిన. అవుతల వాడు డబ్బను కొడ్తనే ఉన్నడు. ఠక్కు, ఠక్కు. నాకు ఫోన్ల ఏం ఇనరాలే, గదొక్కటే ఇనొచ్చింది. ఇగ ఉరికిన."

లారీల మధ్య నుంచి హైవే దాటి, మెయిన్ గేటు చేరి, పూజ దగ్గరున్న వాళ్లను కేకేసి మాస్కులతో వెనక్కి వచ్చేసరికి దెబ్బలు ఆగిపోయి ఉన్నాయి.

మనుషులంతా అక్కడికి చేరారు. ఆఫీసువాళ్లు కంప్యూటర్లు ఆన్ చేసి ఆ రోజు వివరాలు తీశారు. ఎవరో ఫోన్ ఎత్తి చూస్తే చక్కగా పలికింది. మర్నాడూ పలికింది. ఫోన్‌కి ఏమీ కాలేదు, ఇతనే భయపడి, ఫోన్ చేయకుండా వదిలేసి పరుగెత్తాడు అని తేల్చేశారు. గట్టిగా తిట్టినవాళ్లు లేరట. శవాన్ని బండి ఎక్కించే ముందు ప్రశాంత మాత్రం దగ్గరకు వచ్చి, చాచా, ఫోన్ చేశావా అని హిందీలో అడిగాడు. చేశాను బేటా, పలకలేదు అని కిష్టయ్య చెప్పాడు. ప్రశాంత తల తిప్పి గదిలోకి చూశాడు. ఆ నిమిషంలో అదే ఫోన్‌లో ఎవరో మాట్లాడుతున్నారు. ఇక ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. తమ్ముడిని తీసుకుని ఊరికి పోయినవాడు మళ్లీ పనికి రాలేదు.

"నౌకరి పోతే పోనియ్ అక్కా," అన్నాడు కిష్టయ్య. "వాడు గా ఫోన్ దిక్కు జూసి నన్ను జూసిండు సూడు, గది పోతలేదు. నేను చేసిన్నని వానికి తెల్వాలె, గంతే. ఒక్కోపారి నాకే అనుమానమైతది. అసలు ఎత్తిన్నా లేదా అని."

ఓదార్చడం నాకు చేతకాదు. ముందు అన్నం తిను, పొద్దున్నే లేచి కట్టిన మనిషి కష్టం ఊరికే పోనియ్యకు అని గద్దించాను. బాక్సు ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను. అప్పుడు, ఆ లైన్ అంతకుముందు ఎప్పుడైనా పోయిందా అని అడిగాను.

"ఐతారం ఐతారం పోతుండె. చెప్పిన గూడ. సోమారం వస్తరు, హలో హలో అంటరు. మంచిగనే ఉన్నది గదనయ్యా, తాగి డ్యూటీ జేసినవా అని నవ్వుకుంట పోతరు."

"పూజ దినం గా గదిల కంప్యూటర్లు నడిచినయా?"

"ఏడ నడుస్తయ్? వాటికి గూడ బొట్లు పెట్టి, దండలేసి బంద్ జేసిన్రు."

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని అదే ఆలోచించాను. ఆదివారం పోయే లైన్, పూజనాడు పోయే లైన్, సోమవారం బాగుండే లైన్. తీగకు వారాలు తెలియవు. ఆ రోజుల్లో తేడా అల్లా ఒక్కటే, లైన్ మీద ఏమీ పోవడం లేదు. మేం మాత్రం పనిరోజున వెళ్లి, మాట్లాడి, బాగుందని వస్తున్నాం. మాట్లాడటమే ఆ లైన్‌కి మందైతే, మా పరీక్షతోనే జబ్బు దాక్కుంటోంది.

ప్రసాద్ గారికి ఫోన్ చేసి, ఆదివారం పగలు వస్తాను, వెనక యూనిట్‌లో కంప్యూటర్లు ఆపే ఉంచండి, ఎవరూ ఆ ఫోన్ ముట్టుకోవద్దు అని చెప్పాను. ఆదివారం ఎందుకండీ, మోడెమ్ మార్చేద్దాం, కొత్తది తెప్పిస్తాను అన్నారు. ఏం పోయిందో తెలియకుండా పెట్టె మార్చడం నాకు నచ్చదు. పెట్టె మారుతుంది, తప్పు అక్కడే ఉంటుంది, అన్నాను. సరే మామ్మగారూ, నేనూ వస్తాను అన్నారు.

ఆ ఆదివారం ఆ గదిలో మేమిద్దరమే. కిటికీలోంచి ట్యాంకు కనబడుతోంది. దాని మీద సుకాంత తుడిచిన చోట వాన చారలు పడి ఉన్నాయి, ఎవరూ కడగలేదు. నేను మోడెమ్ ముందు స్టూలు వేసుకుని కూర్చుని, మాట్లాడకండి సార్ అన్నాను. ఆయన మెయిన్ గేటులో మొబైల్ ఇచ్చి వచ్చారు కాబట్టి చేతులకు పని లేక పెన్ను తిప్పుతూ కూర్చున్నారు. బయట లారీల రొద తప్ప ఏమీ లేదు. దీపం పచ్చగా ఉంది. ఉంది, ఉంది. నా ఫ్లాస్కులో చాయ్ అయిపోయింది. ఆ తర్వాత దీపం ఎర్రబడింది.

రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, తర్వాత ప్రసాద్ గారికి ఇచ్చాను. ఆయన విన్నారు. అందులో ఏమీ లేదు. పెట్టేసి మళ్లీ ఎత్తారు. నంబర్ నొక్కారు, మళ్లీ నొక్కారు. కిష్టయ్య చేసినట్టే.

కొంతసేపటికి దీపం తనంతట తానే పచ్చబడింది, మేం కదలకుండా ఉంటే మళ్లీ ఎర్రబడింది. కంప్యూటర్లు ఆన్ చేయించి చూశాను. దీపం పచ్చబడి ఇక ఎర్రబడలేదు. వాటిని మళ్లీ ఆపించి, మోడెమ్ సెట్టింగులు తెరిచాను.

ముందు చూసింది సిగ్నల్ బలం. దూరం నుంచి వచ్చే సిగ్నల్ తీగలో నీరసిస్తుంది, దాన్ని ఈ కొస ఎంత పెంచి వినాలో డీబీ అనే లెక్కలో పెట్టుకోవాలి. ఇక్కడ దాన్ని ఎవరో కొసదాకా పెంచేసి ఉన్నారు. లైన్ పడిపోయిందని ఎవరైనా చెబితే బలం పెంచి పోవడం మా వాళ్లందరికీ ఉన్న రోగం. చెవులు బాగున్న మనిషిని చెవిటివాడనుకుని చెవిలో అరిస్తే మాట తెలియదు, హోరే తెలుస్తుంది. బలం ఎక్కువైతే మోడెమ్ కూడా పక్క జత తీగల చప్పుడును తన సిగ్నలే అనుకుంటుంది. కేబుల్ ఉన్న దూరానికి తగినట్టు తగ్గించాను. రొద తగ్గింది. కాని దీపం మళ్లీ ఎర్రబడింది.

ఇక మిగిలింది లైన్ కోడ్. ఇది కొంచెం ఓపిగ్గా చదవాలి. తీగలో ఒకటి అంటే ఒక దెబ్బ, సున్నా అంటే ఏమీ లేకపోవడం. దెబ్బలు ఒకటి పైకి, ఒకటి కిందికి, మార్చి మార్చి పోతాయి. ఆ దెబ్బలను బట్టే అవతలి కొస తాళం తప్పకుండా లెక్క పెట్టుకుంటుంది. కంప్యూటర్లు ఆగి, మనుషులు మాట్లాడకపోతే లైన్ నిండా సున్నాలే. ఎంతసేపని ఏమీ లేనిదాన్ని లెక్కపెడుతుంది, తాళం తప్పుతుంది. నా మనవరాలికి కథ చెప్పేటప్పుడు అది ఊ కొట్టాలి. ఊ ఆగిపోతే వింటోందో నిద్రపోయిందో నాకు తెలియదు. అందుకే హెచ్‌డీబీ-త్రీ అని ఒక పద్ధతి పెట్టారు. నాలుగు సున్నాలు వరుసగా వస్తే లైనే సొంతంగా ఒక దెబ్బ కలిపి పంపుతుంది. ఆ దెబ్బను పైకీ కిందికీ మారే నియమం కావాలనే తప్పి పంపుతుంది కాబట్టి, అవతలి కొస ఇది మాట కాదు, ఊ మాత్రమే అని గుర్తుపడుతుంది. ఏఎంఐ అనేది దానికంటే పాత పద్ధతి. అందులో ఈ ఊ లేదు. ఏఎంఐలో ఉన్న కొసకు ఆ దెబ్బ పంపితే దాన్ని తప్పు అనుకుంటుంది. తప్పులు ఎక్కువైతే లైన్‌ను ఆపేసి ఎర్రదీపం వెలిగిస్తుంది.

ఆ చిన్న తెరలో అక్షరాలు నా కళ్లకు ఆనలేదు. ప్రసాద్ గారిని చదవమన్నాను. వంగి చదివారు.

"ఏఎంఐ అని ఉందండి."

"మెయిన్ యూనిట్‌ల ఏమున్నది సార్?"

పొద్దున వస్తూ ఆ కొసన మోడెమ్ సెట్టింగులు చూసి వచ్చారు ఆయన. నేను విడమరచి చెప్పేదాకా ఆగాల్సిన మనిషి కాదు, ఇదంతా చదువుకున్నవారే. తెర వైపే చూస్తూ నిలబడ్డారు.

"హెచ్‌డీబీ-త్రీ," అన్నారు చివరికి. "వానాకాలం పిడుగు పడినప్పుడు ఇక్కడి మోడెమ్ కాలిపోతే వేరేది పెట్టారు. వచ్చినదాన్ని వచ్చినట్టే పెట్టేసుంటారు. పెట్టినాయన హలో హలో అన్నాడు, పలికింది, వెళ్లిపోయాడు."

లైన్ నిండుగా ఉన్నంతసేపూ రెండు కొసలకీ తేడా ఏమీ తెలియదు, ఎందుకంటే వరుసగా అన్ని సున్నాలు రావు. అంతా ఆగిపోయినప్పుడే ఒకరి ఊ మరొకరికి తప్పుగా వినబడుతుంది. ఈ కొసను కూడా హెచ్‌డీబీ-త్రీకి మార్చమన్నాను. ప్రసాద్ గారే మార్చారు. దీపం పచ్చబడింది. మేం మాట్లాడకుండా కూర్చున్నాం. ఎండ కిటికీ దాటి గోడ మీదికి పోయింది. దీపం పచ్చగానే ఉంది.

పని అయిపోయిందని నేను సంచి సర్దుకుంటుంటే ఆయన స్టూలు మీద నుంచి లేవలేదు.

"మామ్మగారూ, ఆ పూజనాడు వచ్చి రిసీవర్ ఎత్తింది నేనేనండి. అక్కడే నిలబడి మెయిన్ యూనిట్‌తో మాట్లాడాను. ఫోన్ బాగానే ఉందని పైవాళ్లకు చెప్పింది నేనే."

ప్రశాంత తల తిప్పి చూసినప్పుడు ఆ ఫోన్‌లో మాట్లాడుతున్నది ఎవరో అప్పుడు నాకు తెలిసింది. మెత్తగా మాట్లాడటం నాకు రాదు. "మీరు ఎత్తినప్పుడు పలికింది, పలికిందని చెప్పిన్రు. ఇప్పుడు పలకలేదని గూడ మీరే చెప్పాలె సార్," అన్నాను. ఆయన తలూపారు.

ఆయన చెప్పారు. ఆ ధైర్యం చేసినందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. కాని కంపెనీ పెద్దలు లైన్‌లో లోపం ఉందని ఎక్కడా ఒప్పుకోలేదు. పాత మనిషి, పోనీలే అని దయతలచి తీసుకుంటున్నాం అన్నట్టు కిష్టయ్యను మళ్లీ పనిలో పెట్టుకున్నారు. బ్యాడ్జి ఇచ్చారు. కిష్టయ్య దానికి సంతోషించినట్టు కనబడలేదు. నేను ఎదురైతే ఒకటే అడిగాడు, వానికి తెల్వాలె గదా అక్కా అని.

కాంట్రాక్టర్ దగ్గర ప్రశాంత నంబరు తెప్పించింది కూడా ప్రసాద్ గారే. మెయిన్ గేటులో మొబైల్ ఉందిగా, దాంతో చేయమన్నాను. కిష్టయ్య వినలేదు. ఆ ఫోన్‌తోనే చేస్తానన్నాడు. మళ్లీ ఒక ఆదివారం, కంప్యూటర్లు ఆపి ఉన్న గదిలో, నేను మోడెమ్ ముందు కూర్చున్నాను. నాకు అక్కడ పనేమీ లేదు. రమ్మన్నాడని వెళ్లాను. మాటలు ఇద్దరికీ వినబడాలని స్పీకర్ బటన్ నేనే నొక్కాను.

అటు ఎత్తారు. కిష్టయ్య తనకొచ్చిన హిందీలో చెప్పాడు. నేను కిష్టయ్య చాచాను. ఆ రోజు ఫోన్ చేశాను బేటా. లైన్ చచ్చిపోయి ఉంది. అది ఇప్పుడు పట్టుకున్నారు. నేను అబద్ధం ఆడలేదు, నువ్వు నమ్మాలి. ఇన్నాళ్లూ బస్టాప్‌లో కూర్చుని కూడబెట్టుకున్న మాటలన్నీ ఒక్క గుక్కలో అయిపోయాయి.

అటు నుంచి ఏమీ లేదు. దూరంగా ఎవరో బోరింగు కొడుతున్న చప్పుడు వచ్చి, అదీ ఆగిపోయింది. కిష్టయ్య రిసీవర్ వైపు చూశాడు. అతని ముఖంలోకి మళ్లీ ఆ పూజనాటి భయం వచ్చింది.

"అక్కా, తెగిందా?"

నేను దీపం చూశాను. పచ్చగా ఉంది.

"తెగలే. ఉన్నడు. పట్టుకో."

పట్టుకున్నాడు. చాలాసేపటికి అటు నుంచి ఒక గొంతు, బాగా మెల్లగా, హిందీలో అడిగింది. చాచా, సుకాంత లోపలి నుంచి ఏమైనా పిలిచాడా?

కిష్టయ్య నా వైపు చూశాడు. ఠక్కు, ఠక్కు అని బస్టాప్‌లో వేలితో టిఫిన్ బాక్సు మీద కొట్టి మరీ చూపించిన మనిషి. అబద్ధం ఆడిన పిల్లలను నేను అన్నం దగ్గర కూడా కూర్చోనివ్వను, మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను ముఖం తిప్పి దీపం వైపు చూస్తూ ఉండిపోయాను.

"నై బేటా," అన్నాడు కిష్టయ్య. "కుచ్ నై. నీంద్ మే థా జైసా."

ఏమీ లేదు, నిద్రలో ఉన్నట్టే ఉన్నాడు అని. అటువైపు మళ్లీ మాట లేదు. మనిషి ఊపిరి మాత్రం వినబడుతోంది. తర్వాత అటు మెల్లగా పెట్టేశారు. నమ్మాడో లేదో మాకు తెలియదు. కిష్టయ్య రిసీవర్‌ను రెండు చేతులతో పట్టి దాని చోట పెట్టి, టోపీ పెట్టుకుని గేటు దగ్గరకు వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి నా పని పద్ధతి మారింది. హలో అంటే పలికిందని ఏ లైన్‌నూ ఒప్పుకోను. ముందు రెండు కొసల్లో లైన్ కోడ్ ఒకటేనా చూస్తాను, బలం ఉండాల్సినంతే ఉందా చూస్తాను. ఆ తర్వాత అన్నీ ఆపించి, రిసీవర్ పెట్టేయించి, నోరు మూసుకుని దీపం ముందు కూర్చుంటాను. ముసలామె ఊరికే కూర్చుని పని సాగదీస్తోందని కంపెనీలవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఎవరూ మాట్లాడనప్పుడు కూడా లైన్ నిలబడి ఉంటే అప్పుడే సంచి సర్దుకుంటాను.

అలా కూర్చున్నప్పుడు ఇనుము మీద దెబ్బలు వినబడతాయి. ఆ రోజు నేను అక్కడ లేను, నేను విన్నది లేదు. అయినా వినబడతాయి. అవి ఆగిపోయేదాకా లేవను.